గుల్ల

డ్రెంటెలో ఏప్రిల్, పొద్దున్న ఆరు.
బూట్ల కింద గడ్డి మెత్తగా దిగుతోంది.
మెత్తదనమంటే పచ్చదనం కాదు,
నిరుడు చచ్చిందీ ముందటేడు చచ్చిందీ
కుళ్ళకుండా పేరుకున్న పరుపు.
కుళ్ళబెట్టే వానపాములు
అద్దె కట్టలేని కుటుంబంలా
ఏ రాత్రో చప్పుడు చేయకుండా ఖాళీ చేసి పోయాయి.

నా ఉద్యోగం మట్టి రుచి చూడడం.
నాలుకతో కాదు, గాజు పుల్లతో.
మూడు పాయింట్ తొమ్మిది.
ఏడు నుంచి ఇక్కడికి మూడే మెట్లు కదా అంటారు కొత్తవాళ్ళు.
ఒక్కో మెట్టు దిగితే పులుపు పదింతలు.
ఇదేమీ పెరుగు కాదు,
పులిసిందని మజ్జిగ చేసుకోడానికి.

"ఇక్కడ" అంటుంది హిల్లెహీన్, చేతికర్రతో నేల పొడిచి.
ఇక్కడ పసుపుపచ్చ ఆర్నికా.
గొర్రె కాలు బెణికితే కోసి, నూరి, కట్టేవాళ్ళట.
కర్ర చూపిన చోట
గొట్టపు గడ్డి, గొట్టపు గడ్డి, మళ్ళీ గొట్టపు గడ్డి.
ఆకలేసినా దాని ఎండు పోచని
ఆమె మంద మూతి తిప్పుకుని దాటేస్తుంది.

మట్టిలో అల్యూమినియం ఎప్పుడూ ఉన్నదే.
అటక మీద బోర్లించిన పాత గిన్నెలా
ఎవరి జోలికీ పోక.
పులుపు తగిలితే అది కరుగుతుంది,
నీటితోపాటు వేరు దాకా వెళ్ళి
కొసల్ని కొరుకుతుంది.
ఆర్నికా ముందు పూత మానింది.
తర్వాత ఆకు.
ఆ తర్వాత హిల్లెహీన్ నోట్లో "ఇక్కడ" ఒక్కటే మిగిలింది.

గాలివాటుకి హార్మ్ పందుల షెడ్లు.
నాలుగు వేల పందుల ఉచ్చ
కళ్ళు మండే ఆవిరై లేచి
ముప్ఫై ఏళ్ళు ఈ గడ్డి మీద వాలింది.
ఎరువేగా అనుకున్నారంతా. మట్టి పురుగులు దాన్ని తిని
పులుపు కక్కాయి.
ఆ పులుపు నేలలో సున్నాన్ని కడిగి
చేతికందని లోతుకి దింపేసింది.

షెడ్లు మూసి రెండేళ్ళయింది.
గాజు పుల్ల ఈ ఉదయమూ మూడు పాయింట్ తొమ్మిదే అంది.
చింత చచ్చినా పులుపు చావదు.

కుందేలు బొరియలో టాపౌట్ పిట్ట గూడు.
అయిదు గుడ్లు, లేత నీలం.
ఒకదాన్ని రెండు వేళ్ళతో ఎత్తబోయాను,
నొక్కలేదు, ఒట్టు, ఎత్తబోయానంతే.
నా బొటనవేలు లోపలికి పోయింది.
పెంకు కాదది, ఆరిన పాల మీగడ.

సున్నం లేని నేలలో నత్త ఉండదు.
నత్త గుల్ల కొరకని పిట్ట
తన ఎముకలు గుల్ల చేసుకుని గుడ్డు పెడుతుంది.
గుల్ల అంటే ఉన్నదీ, గుల్ల అంటే పోయిందీ.
రెంటికీ ఒకటే మాట పెట్టిందెవరో
ఈ నేల చూసినవాళ్ళే అయ్యుంటారు.

హిల్లెహీన్ ఊళ్ళో అట్ల దుకాణం నుంచి
కోడిగుడ్డు పెంకులు బస్తాతో తెస్తుంది.
బండ మీద దంచి, బొరియల దగ్గర చల్లుతుంది.
పాపం పిట్టలు వచ్చి ఏరుకుంటాయి కూడా.

ఇవాళ కంచె దగ్గర హార్మ్ నిలబడ్డాడు.
క్షమించమనలేదు. వాతావరణం గురించీ మాట్లాడలేదు.
కోటు జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి
పొద్దున తిన్న గుడ్డు పెంకు
ఆమె బస్తాలో వేశాడు.
"రోజుకొకటి" అన్నాడు.
ఆమె బస్తా మూతి కట్టలేదు.

పనిలో పనిగా లెక్క కట్టాను.
ఎకరాకి ఎనిమిది వందల కిలోల సున్నం,
పెంకు అయిదారు గ్రాములు,
రోజుకొకటి చొప్పున
నాలుగు వందల ఏళ్ళు. అదీ ఒక్క ఎకరాకి.
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

దుకాణం తెరిచే వేళయింది.
హిల్లెహీన్ వెనక గొర్రెలు,
గొర్రెల వెనక, కొంచెం ఎడంగా, హార్మ్.
నేను మరో గుంట తవ్వడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాను.